తెలుగు ముద్రణరంగంలో స్వతంత్ర గ్రాఫిక్ డిజైనర్: వృత్తి స్వరూపం, ప్రతిఫలం, హక్కులు

వ్యాససంగ్రహం:

తెలుగు పుస్తకం పాఠకుని చేతికి చేరే క్రమంలో రచయిత, సంపాదకుడు, ప్రచురణకర్త, ముద్రాపకుడు అనే నలుగురి శ్రమ గురించి సాహిత్యచరిత్రలు ఎంతో కొంత ప్రస్తావించాయి. ముఖచిత్రాన్ని, లోపలి పుటల అమరికను, శీర్షిక అక్షరాలను తీర్చిదిద్దే గ్రాఫిక్ డిజైనర్ శ్రమ మాత్రం చాలావరకు ప్రస్తావనకు రాలేదు. ఈ పనిలో అధికభాగం నేడు ఏ సంస్థలోనూ ఉద్యోగులు కాని స్వతంత్ర డిజైనర్ల చేతుల మీదుగా జరుగుతున్నది. వారి పని తీరును, తెలుగు లిపి వల్ల ఆ పనికి ఏర్పడే ప్రత్యేకతను, ప్రతిఫల నిర్ణయంలోని చిక్కులను, గ్రంథస్వామ్య చట్టం కల్పించే హక్కులను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: గ్రాఫిక్ డిజైన్, ముఖచిత్రం, ఖతి, యూనికోడ్, గ్రంథస్వామ్యం, స్వతంత్ర వృత్తి.

1. ఉపోద్ఘాతం:

స్వతంత్ర గ్రాఫిక్ డిజైనర్ అంటే నెలజీతం లేకుండా, పనికి ఇంత అని మాట్లాడుకొని, ఒకే కాలంలో పలువురికి పని చేసే వ్యక్తి. వివాహ ఆహ్వానపత్రిక, దుకాణం చిహ్నం, ఎన్నికల కరపత్రం, పాఠశాల ప్రవేశాల ప్రకటన, సినిమా పోస్టరు, కవితాసంపుటి ముఖచిత్రం, సదస్సు పత్రాల సంకలనం ఇవన్నీ ఒకే బల్ల మీద తయారవుతాయి. ఈ వృత్తికి ఋతువులున్నాయి. డిసెంబరులో హైదరాబాదు, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలు దగ్గరపడుతుంటే ముఖచిత్రాల పని ఒత్తిడి పెరుగుతుంది. వేసవిలో విద్యాసంస్థల ప్రకటనలు వస్తాయి. విద్యాసంవత్సరం ముగిసేలోగా ఖర్చు చేయవలసిన నిధులతో కళాశాలల సంచికలు, సదస్సు సంకలనాలు ఒక్కసారిగా వచ్చిపడతాయి. మిగిలిన నెలల్లో పని పలచబడుతుంది. కాబట్టి పని దొరకడం, పని చేయడం, చేసిన పనికి డబ్బు రాబట్టడం అనే మూడూ ఈ వృత్తిలో సమానమైన బరువు గల కార్యాలు.

ఈ విషయం తెలుగు శాఖలకు దూరమైనది కాదు. సిద్ధాంతగ్రంథాన్ని పుస్తకంగా వేసుకొనే పరిశోధకుడు, సదస్సు సంకలనాన్ని తెచ్చే అధ్యాపకుడు ఏదో ఒక దశలో డిజైనర్‌కు పని అప్పగించేవారే. ఆ విధంగా ఈ వ్యాసంలో చర్చించే సంబంధంలో విద్వల్లోకం కూడా ఒక పక్షం.

2. జీతపు చిత్రకారుడు - స్వతంత్ర చిత్రకారుడు:

తెలుగు ముద్రణలో చిత్రకారుడి స్థానం మొదటి నుంచి రెండు తీరులుగా ఉన్నది. ఒకటి, పత్రిక కొలువు. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ ఇందుకు మంచి నిదర్శనం. శంకర్‌గా ప్రసిద్ధులైన కె.సి. శివశంకరన్ 1952లో ఆ పత్రికలో చేరి దశాబ్దాల పాటు బొమ్మలు వేశారు. పత్రిక కొలువులో జీతం నిలకడగా ఉంటుంది. బొమ్మ మీద హక్కు సాధారణంగా యాజమాన్యానికి చెందుతుంది.

రెండవది, పనిని బట్టి ప్రతిఫలం పొందే పద్ధతి. న్యాయశాస్త్రం చదివి చిత్రకళను వృత్తిగా ఎంచుకొన్న బాపు (1933-2014) పత్రికలకు, ప్రచురణసంస్థలకు, ప్రకటనలకు, సినిమాలకు పని చేశారు. ఆయన చేతిరాత ఒక అక్షరశైలిగా స్థిరపడి, అనంతరం కంప్యూటర్ ఖతిగా కూడా రూపొందింది. చంద్ర, మోహన్ వంటి చిత్రకారులు వేసిన ముఖచిత్రాలు ఆధునిక తెలుగు కథ, కవిత్వ గ్రంథాల రూపాన్ని నిర్దేశించాయి. సినిమా ప్రచారకళలో ఈశ్వర్ చేసిన కృషి, ఆయన రచించిన ‘సినిమా పోస్టర్’ గ్రంథం ఈ వృత్తిచరిత్రకు విలువైన ఆధారాలు. వీరందరిలో ఉమ్మడి లక్షణం ఒకటున్నది. బొమ్మతో పాటు శీర్షికను కూడా చేతితోనే రాసేవారు. బొమ్మా అక్షరమూ ఒకే కుంచె నుంచి రావడం వల్ల ఆ ముఖచిత్రాలకు ఏకరూపత సిద్ధించింది.

1990ల నుంచి కంప్యూటర్ అక్షరకూర్పు వ్యాపించడంతో ఈ ఏకత్వం విడిపోయింది. అక్షరాలు కూర్చే డి.టి.పి. కేంద్రం ఒకటి, బొమ్మ వేసే చిత్రకారుడు ఒకరు, ఈ రెంటినీ అమర్చే వ్యక్తి మరొకరు అయ్యారు. నేటి స్వతంత్ర డిజైనర్ ఈ మూడో స్థానం నుంచి పుట్టి, క్రమంగా మిగిలిన రెండు పనులనూ తిరిగి తన మీదికి తెచ్చుకొన్నాడు. పని పెరిగింది గాని, పనికి గల పేరు మాత్రం చాలాచోట్ల ‘డి.టి.పి.’గానే మిగిలిపోయింది. ప్రతిఫలం నిర్ణయమయ్యేది ఆ పేరును బట్టి కాబట్టి ఇది కేవలం పదానికి సంబంధించిన విషయం కాదు. పుటకు ఇంత అని లెక్కగట్టే కూర్పుపనికి, ఆలోచనతో కూడిన రూపకల్పనకు మధ్య గల తేడా ఆ పేరులో కనుమరుగవుతుంది.

3. తెలుగు లిపి - డిజైనర్ ఎదుర్కొనే ప్రత్యేక సమస్యలు:

రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకొని తయారైన ఉపకరణాలతో తెలుగు డిజైనర్ పని చేస్తాడు. అందువల్ల అతని కాలంలో కొంత భాగం రూపకల్పనకు గాక, అక్షరాన్ని కాపాడటానికే ఖర్చవుతుంది. వీటిలో ముఖ్యమైనవి నాలుగు.

3.1 నిలువు విస్తీర్ణం: రోమన్ అక్షరాలు ప్రధానంగా అడ్డంగా సాగుతాయి. తెలుగు అక్షరం పైకి, కిందికి కూడా విస్తరిస్తుంది. ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’ వంటి పదాల్లో ఒకే హల్లుకు రెండేసి వత్తులు చేరతాయి. పై పంక్తిలోని వత్తు కింది పంక్తిలోని గుడిని, ఏత్వాన్ని తాకకుండా ఉండాలంటే పంక్తుల నడుమ ఎడం పెంచాలి. ఎడం పెరిగితే పుటలు పెరుగుతాయి. పుటలు పెరిగితే ప్రచురణవ్యయం పెరుగుతుంది. ప్రచురణకర్త పుటలు తగ్గించమని కోరినప్పుడు మొదట నలిగిపోయేది ఈ ఎడమే.

3.2 ప్రాధాన్యసూచన: ఆంగ్లంలో పెద్దబడి, చిన్నబడి అక్షరాల భేదంతో, వాలు అక్షరాలతో శీర్షికకు, ఉపశీర్షికకు తేడా చూపవచ్చు. తెలుగులో పెద్దబడి, చిన్నబడి భేదం లేదు; వాలు అక్షరం మన లిపిసంప్రదాయంలో భాగం కాదు. పరిమాణం, మందం, రంగు, ఖాళీస్థలం అనే నాలుగింటితోనే ఆ తేడాను సాధించాలి. తగిన మందపు రూపాంతరం లేని ఖతిని కంప్యూటర్ కృత్రిమంగా బలిపించినప్పుడు ‘మ’, ‘య’, ‘ఘ’ వంటి అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి.

3.3 సంకేతభేదం: తెలుగు లిపికి యూనికోడ్ ప్రమాణంలో 1991లోనే 128 స్థానాల విభాగం ఏర్పడింది. అయినా అను వంటి పాత ఖతులతో కూర్చిన పాఠ్యాన్నే నేటికీ అనేక ముద్రణాలయాలు వాడుతున్నాయి. ఆ ఖతుల్లో అక్షరభాగాలు రోమన్ అక్షరాల స్థానాల్లో నిలవ ఉంటాయి. ఖతి లేని యంత్రంలో ఆ పాఠ్యం అర్థంలేని రోమన్ గుర్తులుగా కనిపిస్తుంది. రచయిత ఫోన్‌లో యూనికోడ్‌లో రాసి పంపినదాన్ని పాత ఖతిలోకి, లేదా ముద్రణాలయం పాత ఖతిలో ఇచ్చినదాన్ని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు కొన్ని వత్తులు, విరామచిహ్నాలు తారుమారవుతాయి. వాటిని సరిచూడటం డిజైనర్ పనిలో చేరిపోయింది. పైగా పాత ఖతిలో ముద్రితమైన పుస్తకపు ఎలక్ట్రానిక్ ప్రతిలో తెలుగు పదాన్ని నేరుగా వెతకడం సాధ్యం కాదు. పరిశోధకులకు దీనివల్ల కలిగే నష్టం వివరించనక్కరలేదు.

3.4 ఉపకరణాల అమరిక: ఇన్‌డిజైన్‌లో ‘వరల్డ్-రెడీ కంపోజర్’ను ఎంచుకోకపోయినా, ఫోటోషాప్‌లో దక్షిణాసియా లిపులకు తగిన అమరికను పెట్టకపోయినా సంయుక్తాక్షరాలు విడిపోతాయి. ‘స్త్రీ’ అనేది ‘స్‌త్‌రీ’గా ముక్కలవుతుంది. దీనికి విలోమమైన సమస్య అన్యదేశ్యాలలో కనిపిస్తుంది. ‘సాఫ్ట్‌వేర్’ అనే పదంలో పొల్లు తర్వాత కంటికి కనబడని విభాజకసంకేతం లేకపోతే అది ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. నగరాల్లో కనిపించే అనేక ప్రకటనఫలకాల మీది విరిగిన తెలుగుకు కారణం భాషాజ్ఞానలోపం ఒక్కటే కాదు. తెలుగు చదవని వ్యక్తి తెలుగుకు సరిపడని అమరికలో అక్షరాలను అతికించడం, అచ్చుకు ముందు ఎవరూ చదవకపోవడం అందుకు ప్రధాన కారణాలు. తెలుగు తెలిసిన డిజైనర్ ప్రత్యేకత ఇక్కడే తేటపడుతుంది. అతడు బొమ్మలమర్చేవాడే కాక, అచ్చుకు ముందరి చివరి పాఠకుడు కూడా.

ఈ సమస్యలకు కొంత ఊరట స్వేచ్ఛాలైసెన్సుతో లభించే యూనికోడ్ ఖతుల వల్ల కలిగింది. మండలి, రామభద్ర, సురన్న, మల్లన్న, ధూర్జటి, గిడుగు, గురజాడ వంటి పేర్లతో వెలువడిన ఖతులను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దీనివల్ల చిన్న డిజైనర్‌కు ఖతుల వ్యయం తగ్గింది. పాఠ్యానికి, శీర్షికకు సరిపడేలా ఒకే కుటుంబంలో పలు మందాలు గల తెలుగు ఖతులు ఇంకా తక్కువే.

4. ఒక ముఖచిత్రం - పని దశలు:

ముఖచిత్రరూపకల్పన ఒక్క పూటలో తేలిపోయే పని అనే అభిప్రాయం వ్యాప్తిలో ఉన్నది. పని దశలను విడదీసి చూస్తే ఈ అభిప్రాయం ఎంతవరకు సరైనదో తెలుస్తుంది. మొదట గ్రంథాన్ని, కనీసం అందులోని ముఖ్యభాగాలను చదవాలి. తర్వాత రెండు మూడు నమూనాలు సిద్ధం చేయాలి. శీర్షిక అక్షరాలను ఖతి నుంచి తీసుకొన్నా, చేతితో రాసినా, వత్తులు బొమ్మలోకి చొరబడకుండా సర్దాలి. రచయిత, ప్రచురణకర్త, కొన్నిసార్లు ముందుమాట రాసినవారు సూచించే సవరణలు చేయాలి. చివరగా అచ్చుకు అనువైన ప్రతి సిద్ధపరచాలి. తెర మీది రంగులను అచ్చు సిరాల నాలుగు రంగులకు మార్చడం, కత్తిరింపు కోసం చుట్టూ 3 మి.మీ. అదనపు అంచు ఇవ్వడం, బొమ్మకు అంగుళానికి 300 బిందువుల స్పష్టత ఉండేలా చూడటం ఈ దశలోని పనులు.

వీటన్నిటికంటె బయటివారికి తెలియనిది అట్ట వెన్ను, అంటే స్పైన్, వెడల్పు లెక్క. దాని కొలత పుటల సంఖ్యను, కాగితం మందాన్ని బట్టి ఉంటుంది. ఒక్కో రేకు మందం 0.1 మి.మీ. అనుకొంటే 200 పుటల పుస్తకంలో 100 రేకులు. వెన్ను 10 మి.మీ. అవుతుంది. అట్ట సిద్ధమయ్యాక మరొక ముందుమాట వచ్చి 16 పుటల ఫారం ఒకటి పెరిగితే వెన్ను 0.8 మి.మీ. పెరుగుతుంది. మొత్తం అట్ట అమరిక తిరిగి సర్దాలి. సర్దకపోతే వెన్ను మీది పేరు పక్కకు ఒరిగి, బీరువాలో ఆ పుస్తకం శాశ్వతంగా వంకరగానే నిలుస్తుంది. ‘ఒక చిన్న మార్పు’ అని రచయిత భావించినది డిజైనర్‌కు ఒక పూట పని కావడానికి ఇదొక ఉదాహరణ.

5. ప్రతిఫలం - బకాయి:

ప్రతిఫలాన్ని అర్థం చేసుకోవడానికి ఒక ఊహాత్మకమైన లెక్క తీసుకోవచ్చు. ఒక ముఖచిత్రానికి 4,000 రూపాయలు మాట్లాడుకొన్నారనుకొందాం. చదవడానికి 4 గంటలు, నమూనాలకు 6, శీర్షికకు 3, సవరణలకు 5, అచ్చుప్రతికి 2 గంటలు అనుకొంటే మొత్తం 20 గంటలు. గంటకు 200 రూపాయలు. పని మాట్లాడుకోవడానికి, ముద్రణాలయానికి తిరగడానికి, డబ్బు అడగడానికి పట్టే మరో 5 గంటలు కలిపితే గంటకు 160 రూపాయలు. ఇందులోంచే కంప్యూటర్, సాఫ్ట్‌వేర్ అద్దె, విద్యుత్తు, అంతర్జాలం ఖర్చులు తీసివేయాలి. సవరణలకు పరిమితి లేకపోతే గంటలు పెరుగుతూ పోతాయి, మొత్తం మాత్రం కదలదు. కాబట్టి ఈ వృత్తిలో ఆదాయాన్ని నిర్ణయించేది పలికిన ధర కంటె ఎక్కువగా సవరణల సంఖ్యే. అనుభవజ్ఞులైన డిజైనర్లు రెండు లేదా మూడు విడతల సవరణలకే ధర వర్తిస్తుందని ముందుగా రాసుకోవడానికి, కొంత మొత్తం బయానాగా తీసుకోవడానికి కారణం ఇదే.

బకాయి సమస్యకు సామాజికకోణం కూడా ఉన్నది. సాహిత్యరంగంలో పని అప్పగించేవారు తరచు మిత్రులు, గురువులు, గౌరవనీయులైన రచయితలు. ‘అన్నా’, ‘తమ్ముడూ’, ‘సార్’ అనే పిలుపుల మధ్య బిల్లు అడగడం అమర్యాదగా తోస్తుంది. రచయిత కూడా చాలా సందర్భాల్లో సొంతఖర్చుతో పుస్తకం వేసుకొంటున్నవాడే. కాగితానికి, అచ్చుకు, బైండింగుకు ముందే చెల్లించక తప్పదు. మిగిలినదాంట్లో సర్దుబాటయ్యేది రూపకల్పన ఒక్కటే. ఇక్కడ దురుద్దేశం లేకపోయినా ఫలితం మాత్రం ఒకటే. విద్యాసంస్థల పనిలో చిక్కు మరొక రకం: కొటేషన్లు, పనిపత్రం, బిల్లు, ఆమోదం, నిధుల విడుదల అనే వరుసలో ఏ ఒక్క కాగితం ఆగినా డబ్బు ఆగుతుంది.

చట్టం ఈ విషయంలో పూర్తిగా మౌనంగా లేదు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం (2006) ప్రకారం సేవలందించే సూక్ష్మసంస్థకు కొనుగోలుదారు ఒప్పందంలోని గడువులోగా చెల్లించాలి. ఆ గడువు 45 రోజులను మించరాదు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకురేటుకు మూడురెట్లు చక్రవడ్డీ వర్తిస్తుంది. ఒంటరిగా పని చేసే డిజైనర్ కూడా ‘ఉద్యమ్’ నమోదు ద్వారా సూక్ష్మసంస్థగా గుర్తింపు పొందవచ్చు. అయితే మళ్లీ పని ఇవ్వవలసిన వ్యక్తి మీద ఫిర్యాదు చేయడానికి ఎంతమంది సాహసిస్తారన్నది ఆచరణలో ఎదురయ్యే ప్రశ్న. అందుచేత చట్టం కంటె ముందు పనికివచ్చేది పని మొదలుకాకముందు రాసుకొన్న ఒక పుట ఒప్పందమే.

6. ముఖచిత్రం ఎవరిది?

డబ్బు చెల్లించినవారికే ముఖచిత్రం మీద సర్వహక్కులూ చెందుతాయనే నమ్మకం బలంగా ఉన్నది. గ్రంథస్వామ్య చట్టం (1957) చెప్పేది ఇంతకంటె సూక్ష్మమైనది. 17వ సెక్షన్ ప్రకారం కృతికర్తే మొదటి హక్కుదారు. ఉద్యోగి తన ఉద్యోగధర్మంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేనప్పుడు, యజమాని హక్కుదారు అవుతాడు. ప్రతిఫలమిచ్చి తీయించుకొన్న ఛాయాచిత్రం, వేయించుకొన్న వర్ణచిత్రం, రూపచిత్రం వంటి కొన్నింటికి కూడా, వేరే ఒప్పందం లేనప్పుడు, చేయించుకొన్నవారికే మొదటి హక్కు లభిస్తుంది. స్వతంత్ర డిజైనర్ ఉద్యోగి కాడు. అతడు కూర్చిన అక్షరరచన, రేఖాచిత్రం, చిహ్నం, పుటల అమరిక ఆ మినహాయింపులో ఇమడతాయా లేదా అన్నది ప్రతి పనికీ విడిగా తేల్చవలసిన అంశం. ఒకే ముఖచిత్రంలో వర్ణచిత్రం, అక్షరరచన రెండూ ఉంటే సమస్య మరింత జటిలమవుతుంది.

హక్కుల బదిలీకి 19వ సెక్షన్ లిఖితపూర్వకమైన, సంతకంతో కూడిన పత్రాన్ని కోరుతుంది. ఆ పత్రంలో కాలపరిమితి చెప్పకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకుగా పరిగణిస్తారు. అంటే కేవలం తొలి ముద్రణ కోసం మాట్లాడుకొన్న బొమ్మను ఎలక్ట్రానిక్ పుస్తకానికి, అనువాదానికి, గోడపత్రికకు వాడుకోవచ్చునని మౌఖికంగా ఊహించుకోవడం ఇరుపక్షాలకూ క్షేమం కాదు.

హక్కులు బదిలీ చేసినా డిజైనర్ వద్ద మిగిలే హక్కులున్నాయి. 57వ సెక్షన్ కృతికర్తగా తన్ను తాను చెప్పుకొనే హక్కును, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా కృతిని వికృతపరిస్తే అడ్డుకొనే హక్కును కల్పిస్తున్నది. ఈ దృష్టితో చూసినప్పుడు ప్రచురణవివరాల పుటలో ‘ముఖచిత్రం: ఫలానా’ అని వేయడం దయాదాక్షిణ్యం కాదు. ఆ పంక్తి డిజైనర్‌కు తర్వాతి పనిని తెచ్చిపెట్టే ఆధారం. పరిశోధకునికి అది గ్రంథచరిత్రకు ఆధారం. పునర్ముద్రణలో పాత ముఖచిత్రంతో పాటు ఆ పంక్తి కూడా తొలగిపోతే ఒక కళాకారుని కృషికి ఉన్న ఏకైక సాక్ష్యం చెరిగిపోతుంది.

7. కృత్రిమమేధ - కొత్త పోటీ:

వాక్యం రాస్తే బొమ్మను ఇచ్చే కృత్రిమమేధ ఉపకరణాలు చిన్న పనుల ధరను కిందికి లాగుతున్నాయి. ఈ ఉపకరణాలు తెలుగు అక్షరాలను బొమ్మగా గీసినప్పుడు వత్తులు, గుణింతాలు తప్పుగా రావడం తరచు కనిపిస్తుంది. దీన్ని శాశ్వతమైన రక్షణగా భావించలేము, ఉపకరణాలు మెరుగుపడతాయి. గ్రంథాన్ని చదివి దాని స్వభావానికి తగిన రూపాన్ని నిర్ణయించడం, అచ్చు అవసరాలకు తగినట్లు దాన్ని మలచడం, దోషానికి బాధ్యత వహించడం అనే మూడు పనులే ఇకపై డిజైనర్ వృత్తికి పునాదులవుతాయి. కేవలం అమరికకు ధర పలికే అలవాటు కొనసాగితే, ఈ మూడింటికీ విలువ కట్టే సందర్భమే రాకుండా పోతుంది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. చేతిరాత శీర్షికల కాలం నుంచి నేటి వరకు తెలుగు పుస్తకరూపాన్ని నిర్దేశించినవారిలో స్వతంత్ర చిత్రకారులది ప్రధానపాత్ర.

2. తెలుగు గ్రాఫిక్ డిజైన్ చిత్రకళతో పాటు భాషాజ్ఞానాన్ని కూడా కోరే వృత్తి. లిపి, సంకేతం, అమరిక అనే మూడింటి పట్ల శ్రద్ధ లోపిస్తే పాఠ్యమే దెబ్బతింటుంది.

3. సవరణల సంఖ్య, చెల్లింపు గడువు, వాడుక పరిధి, పేరు ప్రస్తావన అనే నాలుగు విషయాలు పేర్కొనే ఒక పుట ఒప్పందం ఇరుపక్షాలకూ మేలు చేస్తుంది.

4. గ్రంథసూచికల్లో, సిద్ధాంతగ్రంథాల్లో, పుస్తకసమీక్షల్లో ముఖచిత్రకారుల పేర్లను నమోదు చేయడం తెలుగు పరిశోధకులు ఖర్చు లేకుండా చేయగలిగిన పని.

5. తెలుగు శాఖల పాఠ్యప్రణాళికల్లో యూనికోడ్, ఖతులు, ముద్రణ అమరిక గురించిన పరిచయం చేరితే తెలుగు చదివిన విద్యార్థికి మరొక జీవనమార్గం తెరుచుకొంటుంది. తెలుగు అచ్చుకు ఒక సమర్థుడైన పాఠకుడు దొరుకుతాడు.

సాహిత్యవిద్యార్థి ఒక గ్రంథాన్ని చేతిలోకి తీసుకొన్నప్పుడు మొదట చదివేది ముఖచిత్రాన్నే. ఆ తొలి పుట రాసినవారెవరో తెలుసుకోవడం గ్రంథ అధ్యయనంలో భాగమే అవుతుంది.